పదో తరగతి పుస్తకంలో పరిణామం లేదు, బడిలో మాత్రం ‘రూపకర్త’ ఉపన్యాసం ఉంది

నయీంనగర్_నాన్న
మా అబ్బాయి హన్మకొండలో ఒక ప్రైవేటు సీబీఎస్‌ఈ బడిలో పదో తరగతి చదువుతున్నాడు. పోయిన శనివారం ఆ బడివారు ఒక అతిథిని పిలిపించి ఉపన్యాసం ఇప్పించారు. ఆయన గంటసేపు తెర మీద బొమ్మలు చూపించి, జీవకణం ఒక యంత్రం వంటిదని, యంత్రం తనంతట తాను పుట్టదు కనుక దానికి తెలివిగల రూపకర్త ఒకడు ఉండి తీరాలని, దీనినే ఇంటెలిజెంట్ డిజైన్ అంటారని, డార్విన్ చెప్పిన పరిణామం, అంటే జీవులు తరతరాలుగా మారుతూ కొత్త రకాలు ఏర్పడడం, ‘కేవలం ఒక థియరీ’ అని చెప్పి వెళ్ళాడట. వాడు ఇంటికి వచ్చి, "నాన్నా, ఈ రెండింటిలో పరీక్షకు వచ్చేది ఏది?" అని అడిగాడు. పుస్తకం తెరిచి చూస్తే రెండూ లేవు. మొన్నటిదాకా ‘అనువంశికత, పరిణామం’గా ఉన్న అధ్యాయం ఇప్పుడు ఒట్టి ‘అనువంశికత’గా మిగిలింది. మా బామ్మర్ది కూతురు రాష్ట్ర సిలబస్‌లో అదే తరగతి చదువుతోంది, ఆ పుస్తకంలో మాత్రం డార్విన్ ఉన్నాడు.

ప్రిన్సిపాల్‌ను అడిగితే, "రెండు వైపులా వినిపిస్తే పిల్లలే ఆలోచించుకుంటారు కదండీ" అన్నారు. ఆ మాట వినడానికి బాగానే ఉన్నా నాకు మింగుడుపడడం లేదు. నేను బ్యాంకులో పనిచేసేవాణ్ణి, సైన్సు చదివినవాణ్ణి కాను. అనవసరంగా పట్టించుకుంటున్నానా?

ఎంపీసీ_బాధితుడు
మీ అబ్బాయి అడిగిన ప్రశ్నే మన విద్యావిధానం మొత్తానికి ముందుమాట. పరీక్షకు రాని జీవి ఏదీ మన దగ్గర బతికి బట్టకట్టదు. దీనిని కూడా డార్విన్ చెప్పిన ప్రకృతి వరణం, అంటే తట్టుకున్నదే మిగలడం, అనవచ్చునేమో.

నర్సంపేట_బయాలజీ_టీచర్
మీరు అనవసరంగా పట్టించుకోవడం లేదు. కోవిడ్ కాలంలో బడులు మూతబడినప్పుడు భారం తగ్గించే పేరుతో ఆ భాగాన్ని మొదట పరీక్షల నుండి తప్పించారు. తరువాత 2023-24కు ముద్రించిన ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం (సీబీఎస్‌ఈ బడులు వాడేది) నుండే తీసివేశారు. 2023 ఏప్రిల్‌లో 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు ఆ భాగాన్ని తిరిగి చేర్చాలని కోరుతూ బహిరంగ లేఖ రాశారు. పన్నెండో తరగతి జీవశాస్త్రంలో పరిణామం మీద పూర్తి అధ్యాయం ఉంది కదా అన్నది ప్రభుత్వం వైపు నుండి వచ్చిన సమాధానం. అది ఉన్న మాట నిజమే. అయితే పది తరువాత బైపీసీలో చేరేవారు ఎందరు? మా బడి నుండి ఏటా ఎక్కువ మంది ఎంపీసీకి, సీఈసీకి, పాలిటెక్నిక్‌కు, ఐటీఐకి వెళ్తారు. వారి జీవితంలో పదో తరగతి పుస్తకమే ఆఖరి జీవశాస్త్ర పుస్తకం.

ఇక ఆ అతిథి ఉపన్యాసం సంగతి వేరు. పాఠం తీసివేయడం వల్ల ఏర్పడిన ఖాళీలోకి ఎవరో ఒకరు వచ్చి కూర్చుంటారని మేము అప్పుడే అనుకున్నాము.

కాజీపేట_జంక్షన్
నేను ఆ అతిథిని ఎరుగను కానీ ఆయన వాదంలో పస లేదని అంత తేలికగా తీసిపారేయకూడదు. పాలంపేట వెళ్ళి రామప్ప గుడి ముందు నిలబడండి. ఆ నల్లరాతి మదనికలను, స్తంభాల మీద సూది దూరేటంత సన్నని చెక్కడాన్ని చూసినవారు ఎవరైనా, "ఇది గాలివానకు దానంతట అదే ఏర్పడింది" అంటారా? శిల్పి కనబడకపోయినా శిల్పి ఉన్నాడని మనకు తెలుసు. ఒక్క కణంలో ఉండే అమరిక రామప్ప కంటే వెయ్యి రెట్లు క్లిష్టమైనది. అప్పుడు శిల్పిని గురించి అడగడం నేరం ఎలా అవుతుంది? నేను ఎవరి మతాన్నీ బడిలోకి తెమ్మనడం లేదు, ప్రశ్నను మాత్రమే తెమ్మంటున్నాను.

ఎంపీసీ_బాధితుడు
@కాజీపేట_జంక్షన్ రామప్ప గుడి పిల్లల్ని కనదు కదా అన్నా. కని ఉంటే ఇప్పటికి ములుగు జిల్లా నిండా చిన్న చిన్న రామప్పలు ఉండేవి, వాటిలో వానకు తట్టుకున్నవి మాత్రమే మిగిలేవి.

నర్సంపేట_బయాలజీ_టీచర్
ఎంపీసీ తమ్ముడు నవ్వులాటకు అన్నా అసలు తేడా అక్కడే ఉంది. రామప్పకు శిల్పి ఉన్నాడని మనం దాని అందాన్ని బట్టి మాత్రమే అనడం లేదు. 1213 నాటి శాసనం ఉంది, కట్టించిన రేచర్ల రుద్రుడి పేరు ఉంది, ఉలి గుర్తులు ఉన్నాయి, పునాదిలో ఇసుక నింపిన పద్ధతి తెలుసు, నీటిలో తేలే ఇటుకలను ఎలా తయారుచేసి ఉంటారో పరీక్షించి చూడవచ్చు. మనుషులు గుళ్ళు కడతారని మనకు వేరే విధంగా ముందే తెలుసు. జీవుల విషయంలో ‘రూపకర్త’ అనేవారు ఆయన ఎప్పుడు చేశాడు, ఎలా చేశాడు, దేనితో చేశాడు అన్న ఒక్క ప్రశ్నకూ సమాధానం చెప్పరు, పైగా అది తమ పని కాదంటారు.

ఆ పోలిక కొత్తదీ కాదు. ఇంగ్లండులో విలియం పేలీ అనే మతాచార్యుడు 1802లోనే రామప్ప స్థానంలో గడియారాన్ని పెట్టి ఇదే వాదం చేశాడు. డార్విన్ కేంబ్రిడ్జిలో చదివే రోజుల్లో పేలీని ఇష్టంగా చదివి మెచ్చుకున్నవాడే.

వేయిస్తంభాలు
నేను ముప్పై నాలుగేళ్ళు తెలుగు పండితుడిగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. జీవశాస్త్రం నా పరిధి కాదు కానీ, పై పోస్టులో ఉన్న ‘కేవలం ఒక థియరీ’ అన్న మాట నా చెవికి ముల్లులా తగిలింది. ఇంగ్లీషులో ఆ మాటకు వాడుకలో ‘ఊహ’ అన్న అర్థం కూడా ఉన్నదట, అందుకని అక్కడ ఆ గారడీ సాగుతుంది. తెలుగులో ఎలా సాగుతుంది? మనం దానిని సిద్ధాంతం అంటాము. సిద్ధమైన అంతం, అంటే నిరూపణ అయిన ముగింపు. మన తర్కశాస్త్ర సంప్రదాయంలో ఎదుటివాడి వాదాన్ని ముందుగా పూర్వపక్షంగా నిలబెట్టి, దానిని ఖండించిన తరువాత మిగిలినదానినే సిద్ధాంతం అంటారు. ‘కేవలం ఒక సిద్ధాంతం’ అనడం ‘కేవలం ఒక తుది తీర్పు’ అన్నట్లు ఉంటుంది. ఊహకు మనకు పరికల్పన అనే మాట వేరే ఉన్నది.

టీచరమ్మ చెప్పిన పేలీ గారి సంగతి చదివాక నాకు ఇంకొకటి తోచింది. డార్విన్ ఆయనను శ్రద్ధగా చదివి, ఆ తరువాతనే వేరే దారి తొక్కితే, రూపకర్త వాదమే ఇక్కడ పూర్వపక్షం అన్నమాట. రెండు వైపులా వినడం ఎప్పుడో 1859కి, అంటే డార్విన్ పుస్తకం అచ్చుకాక ముందే జరిగిపోయింది. ఇప్పుడు మళ్ళీ రెండు వైపులా అంటే, తీర్పు వచ్చిన దావాను ప్రతి ఏటా పదో తరగతి పిల్లల ముందు కొత్తగా వేయడమే.

ఎంపీసీ_బాధితుడు
పంతులు గారూ, మా వీధిలో పంచాంగం రాసే సిద్ధాంతి గారు కూడా ఈ లెక్కన తుది తీర్పు ఇచ్చేవారేనా?

వేయిస్తంభాలు
ఆయన ఇచ్చేది ముహూర్తం. నన్ను ఇరికించకు నాయనా.

ఓరుగల్లు_వకీలు
సిద్ధాంతి ప్రస్తావన వచ్చింది కనుక, దావా అన్న మాట కూడా వచ్చింది కనుక, జరిగిన దావా ఒకటి చెబుతాను. అమెరికాలోని పెన్సిల్వేనియాలో డోవర్ అనే చిన్న ఊరి బడి బోర్డు 2004లో ఒక తీర్మానం చేసింది. దాని ప్రకారం తొమ్మిదో తరగతి జీవశాస్త్రం మొదలయ్యే ముందు, డార్విన్ సిద్ధాంతంలో ఖాళీలు ఉన్నాయని, ఇంటెలిజెంట్ డిజైన్ అనే మరో వివరణ ఉందని, దానికి ఫలానా పుస్తకం చూడవచ్చునని పిల్లలకు చదివి వినిపించాలి. పదకొండు మంది తల్లిదండ్రులు కోర్టుకు వెళ్ళారు. 2005 డిసెంబర్ 20న న్యాయమూర్తి జాన్ జోన్స్ 139 పేజీల తీర్పు ఇచ్చి, అది విజ్ఞానశాస్త్రం కాదని, జీవులను దేవుడే నేరుగా సృష్టించాడనే మతపరమైన సృష్టివాదానికి వేసిన కొత్త వేషమని తేల్చారు. ఆయనను నియమించింది మతవిశ్వాసి అయిన అధ్యక్షుడు జార్జ్ డబ్ల్యూ బుష్ కనుక నాస్తికుల పక్షపాతి అనడానికి వీలు లేదు.

ఆ విచారణలో రెండు ఘట్టాలు మా వృత్తిలో ఉన్నవారికి ఎంతో రుచికరమైనవి. ఆ ‘ఫలానా పుస్తకం’ పాత చిత్తుప్రతులను దావా వేసిన తల్లిదండ్రుల తరఫువారు కోర్టుకు తెప్పించారు. బడుల్లో సృష్టివాదం బోధించడాన్ని అమెరికా సుప్రీంకోర్టు 1987లో కొట్టివేసిన తరువాత, ఆ ప్రతుల్లో ‘సృష్టివాదులు’ అని ఉన్న చోటల్లా ‘డిజైన్ ప్రతిపాదకులు’ అని మార్చుకుంటూ పోయారు. ఒక చోట తొందరలో పాత మాట సగం చెరిగి, కొత్త మాటతో అతుక్కుపోయి అలాగే ఉండిపోయింది. దస్తావేజులో పాత పేరు సరిగ్గా చెరపకుండా కొత్త పేరు రాసిన మనిషిని మన కోర్టులో ఏమంటారో మీకు తెలుసు. రెండవది, డిజైన్ వాదం తరఫున ప్రధాన సాక్షిగా వచ్చిన జీవరసాయన శాస్త్రవేత్త మైకేల్ బీహీ, విజ్ఞానశాస్త్ర సిద్ధాంతానికి తాను ఇస్తున్న నిర్వచనంలో జ్యోతిషం కూడా ఇముడుతుందని క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఒప్పుకోవలసి వచ్చింది.

ఎంపీసీ_బాధితుడు
అంటే మా వీధి సిద్ధాంతి గారు గెలిచినట్లే.

కాజీపేట_జంక్షన్
కోర్టు తీర్పుతో ప్రకృతి సత్యం తేలదు. అదీ కాక అది అమెరికా రాజ్యాంగం గొడవ, మనకు వర్తించదు. బీహీ అడిగిన ప్రశ్నకు సమాధానం చెప్పండి. బాక్టీరియా తోక అడుగున తిరిగే మోటారులో ఒక్క భాగం తీసివేసినా అది పనిచేయదు. అలాంటిది కొంచెం కొంచెంగా ఎలా ఏర్పడింది?

నర్సంపేట_బయాలజీ_టీచర్
ఒక్క భాగం తీసివేస్తే ‘ఆ పని’ చేయదు, నిజమే. వేరే పని చేయకూడదని ఎక్కడుంది? ఆ మోటారు అడుగు భాగంలోని ప్రోటీన్లకు దగ్గరి చుట్టాలు కొన్ని బాక్టీరియాలలో తోకతో సంబంధం లేకుండా, ఎదుటి కణంలోకి విషాన్ని ఎక్కించే సూదిగా పనిచేస్తున్నాయి. రక్తం గడ్డకట్టే ప్రక్రియ మీద కూడా ఆయన ఇదే మాట అన్నారు. మన రక్తంలో ఆ ప్రక్రియలో పాల్గొనే అంశాలలో పన్నెండవది తిమింగలాలలో లేనే లేదు, వాటి రక్తం గడ్డకడుతూనే ఉంది. అన్నట్లు, భూమి వయసు కోట్ల ఏళ్ళని, జీవులకు ఉమ్మడి పూర్వీకులు ఉన్నారని బీహీ కూడా ఒప్పుకుంటారు. ఆయన పేరు చెప్పి ఉపన్యాసాలు ఇచ్చేవారు ఆ సంగతి మాత్రం పిల్లలకు చెప్పరు.

భద్రకాళి_బండ్
ఎవరో పేలీ, ఎవరో బీహీ ఎందుకు? చేప, తాబేలు, వరాహం, నరసింహుడు, వామనుడు అంటూ మన దశావతారాలలోనే పరిణామ క్రమం మొత్తం ఉన్నది. మనవాళ్ళు డార్విన్ కంటే వేల ఏళ్ళ ముందే చెప్పారు. అదే పాఠంగా పెడితే గొడవే ఉండదు.

వేయిస్తంభాలు
నేను రోజూ విష్ణు సహస్రనామం చదివేవాణ్ణి, కనుక ఈ మాట నేనే చెప్పడం మేలు. దశావతారాలు ధర్మసంస్థాపనకు భగవంతుడు దిగివచ్చిన కథలు. అవతారం అన్న మాటకు అర్థమే దిగిరావడం. మత్స్యం కూర్మాన్ని కన్నదని ఏ పురాణమూ చెప్పలేదు. పరశురాముడు ఆరవ అవతారమై ఉండి ఏడవ అవతారమైన రాముడికి ఎదురుపడి మాట్లాడతాడు, భారతంలో కర్ణుడికి విద్య నేర్పుతాడు. దీనిని జీవశాస్త్రంగా పెడితే జీవశాస్త్రానికీ నష్టమే, పురాణానికీ నష్టమే. రేపు ఎవరో పిల్లవాడు ‘నరసింహుడి శిలాజం ఎక్కడ దొరికింది సార్’ అని అడిగితే నేను ఏ ముఖం పెట్టుకుని సమాధానం చెప్పాలి?

గోదావరిఖని_బొగ్గు
శిలాజం మాట వచ్చింది కనుక నేను కూడా రాస్తాను. సింగరేణిలో ముప్పై ఒక్క సంవత్సరాలు భూగర్భ గనులలో పనిచేశాను. బొగ్గు పొర పైన ఉండే నల్లటి పలకరాయి విడిపోయినప్పుడు, అప్పుడే పుస్తకంలో దాచి తీసినట్లు ఆకు అచ్చులు కనబడేవి. నాలుక ఆకారం, మధ్యలో ఈనె, ఈనె నుండి వల అల్లినట్లు సన్నని గీతలు. దాని పేరు గ్లోసాప్టెరిస్ అని, పాతిక కోట్ల ఏళ్ళకు పైబడినదని మా భూగర్భశాస్త్ర అధికారి చెప్పారు. అదే ఆకు ఆస్ట్రేలియాలో, దక్షిణాఫ్రికాలో, చివరికి అంటార్కిటికాలో కూడా దొరుకుతుందట. 1912లో దక్షిణ ధ్రువం నుండి తిరిగి వస్తూ చనిపోయిన కెప్టెన్ స్కాట్ బృందం ఆఖరి వరకూ వదలకుండా లాక్కొచ్చిన పదహారు కిలోల రాళ్ళలో ఈ ఆకు ఉన్నదని ఆయన చెబితే మేము నమ్మలేదు, తరువాత చదివితే నిజమే.

నా మనసులో నిలిచిపోయింది మాత్రం వేరే సంగతి. ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్క మామిడాకు, ఒక్క చింతాకు, ఒక్క పువ్వు అచ్చు ఆ రాళ్ళలో నాకు కనబడలేదు. అధికారిని అడిగితే, "పూచే మొక్కలు అప్పటికి పుట్టలేదు, వాటికి ఇంకా కోట్ల ఏళ్ళు పడుతుంది" అన్నారు. అందరినీ ఒకేసారి చేసి పెట్టిన రూపకర్త ఎవరైనా ఉంటే, పెద్దపల్లి నుండి భూపాలపల్లి దాకా ఆ పొరలో ఒక్క వేపాకైనా రాలి ఉండాలి.

ఎంపీసీ_బాధితుడు
హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబెట్టిన కోటాసారస్ అనే డైనోసార్ కూడా మన వైపుదే కదా, యామనపల్లి. ఆ ఊరి పేరే దాని శాస్త్రీయ నామంలో రెండో సగం. చిన్నప్పుడు దాని కింద ఫోటో దిగాను కానీ, అది మా అమ్మమ్మ ఊరి వైపు రాక్షసబల్లి అని ఏ మాస్టారూ చెప్పలేదు.

పరకాల_పత్తి
ఇంత చర్చలో అందరూ కోట్ల ఏళ్ళ వెనక్కి వెళ్తున్నారు. నేను పాతిక ముప్పై ఏళ్ళ వెనక్కి వెళ్తాను. బీఎస్సీ చదివి, ఉద్యోగం రాక, ఏడెకరాల పత్తి చేస్తున్నవాణ్ణి.

మా నాన్న కాలంలో, 1997-98లో, వరంగల్ జిల్లా పత్తి మీద లద్దె పురుగు, శనగపచ్చ పురుగు పడితే మందు మీద మందు కొట్టారు. కొట్టిన కొద్దీ పురుగు చావలేదు. ఆ ఏడు ఈ జిల్లాలో ఎన్ని ఇళ్ళలో దీపం ఆరిపోయిందో ఇక్కడ రాయవలసిన పని లేదు. అందరూ కల్తీ మందు అన్నారు. కల్తీ కూడా ఉంది. కానీ కల్తీ లేని మందుకు కూడా పురుగు చావకపోవడానికి కారణం వేరు. మొదటి మందుకు నూటికి తొంభై తొమ్మిది చస్తే, ఏదో చిన్న తేడా వల్ల మిగిలిన ఒక్కటే తరువాతి తరానికి తల్లి. అలా నాలుగైదు తరాలు గడిస్తే చేనంతా ఆ ఒక్కదాని సంతానమే.

2002లో బీటీ పత్తి, అంటే కాయ తొలిచే పురుగును చంపే విషాన్ని మొక్కే తయారుచేసుకునే పత్తి వచ్చింది, 2006లో రెండు జన్యువులతో రెండో రకం వచ్చింది. 450 గ్రాముల ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల నాన్ బీటీ గింజల పొట్లం ఇచ్చేవారు, చేను చుట్టూ వేయమని. దాని ఉద్దేశం ఏమిటో డీలర్ చెప్పలేదు, మేము అడగలేదు. పురుగుకు మేత పెట్టడానికి ఎవరు పొలం వదులుతారని ఆ పొట్లాన్ని గట్టు మీద పారేశాము. బీటీని తట్టుకోలేని పురుగులు కొన్ని ఆ నాన్ బీటీ మొక్కల మీద బతికి ఉంటే, తట్టుకున్న అరుదైన పురుగుతో అవి జతకట్టి, పుట్టిన పిల్లలు మళ్ళీ బీటీకి చస్తాయని దాని వెనక లెక్క. మేము ఆ చుట్టాలను లేకుండా చేశాము, మిగిలినవి తమలో తామే పెళ్ళిళ్ళు చేసుకున్నాయి. ఇప్పుడు రెండు జన్యువులున్న బీటీ కాయలోపల కూడా గులాబి రంగు పురుగు హాయిగా గింజ తింటోంది. గుడ్డి పూలు, అంటే పురుగు పట్టి విచ్చుకోని పూలు, చూస్తే చాలు, మా అమ్మ కూడా గుర్తుపడుతుంది.

@నయీంనగర్_నాన్న, మీ పుస్తకం నుండి తీసివేసిన పాఠం ఇదే. ఆ పొట్లం పారేసిన రోజు ఈ పాఠం నాకు గుర్తుకు వచ్చి ఉంటే బాగుండేది. నేను చదువుకున్నాను, అయినా అది చేనుకు సంబంధించినదని నాకు ఎవరూ చెప్పలేదు. పుస్తకంలో ఎప్పుడూ కోతి బొమ్మే ఉండేది.

కాజీపేట_జంక్షన్
మీ కష్టం అర్థమైంది అన్నా. అయితే గులాబి పురుగు చివరికి గులాబి పురుగుగానే ఉంది కదా, సీతాకోకచిలుక కాలేదు. చిన్న మార్పులను డిజైన్ వాదులు కూడా కాదనరు.

పరకాల_పత్తి
ఒప్పుకుంటున్నందుకు సంతోషం. ఒక్క సందేహం తీర్చండి. మందును తట్టుకునే ఆ గుణాన్ని పురుగుకు రూపకర్త ఇచ్చాడా, దానంతట అదే వచ్చిందా? రూపకర్త ఇచ్చి ఉంటే ఆయన మా పక్షాన లేడు. దానంతట అదే వచ్చి ఉంటే ఇక ఆయనతో పని ఏముంది?

ఇంకొకటి. పరిణామం చెప్పేవాళ్ళు నాన్ బీటీ వరసలు వేయమన్నారు, ఒకే మందు పదేపదే కొట్టవద్దన్నారు, డిసెంబర్ దాటాక పత్తి కట్టె చేలో ఉంచవద్దన్నారు. డిజైన్ చెప్పేవాళ్ళు ఏమి చేయమంటారో ఇప్పటిదాకా నాకు ఎవరూ చెప్పలేదు.

నర్సంపేట_బయాలజీ_టీచర్
చిన్న మార్పులు ఎక్కడ ఆగాలో చెప్పే గోడ ఏదీ జీవుల లోపల కనబడలేదు, గోదావరిఖని అన్న రాళ్ళు కూడా ఆగలేదనే చెబుతున్నాయి.

@కాజీపేట_జంక్షన్ గారూ, మీ విశ్వాసం గురించి నాకు తెలియదు, అడగను కూడా. నేను మేడారం వెళ్ళి సమ్మక్కకు నిలువెత్తు బంగారం, అంటే బెల్లమే, మొక్కు చెల్లించి వస్తాను, సోమవారం తరగతిలో డార్విన్ చెబుతాను. డోవర్ కేసులో డిజైన్ వాదానికి వ్యతిరేకంగా మొదటి సాక్ష్యం చెప్పిన కెన్నెత్ మిల్లర్ కేథలిక్ విశ్వాసి. పరిణామం పరికల్పన స్థాయిని దాటినదని పోప్ రెండవ జాన్ పాల్ 1996లోనే అన్నారు. దేవుణ్ణి వదులుకోవాలని ఈ పాఠం ఎవరినీ అడగదు.

కాజీపేట_జంక్షన్
పోప్ మాట నాకు తెలియదు, చూస్తాను. రూపకర్త లేడని మాత్రం నేను ఒప్పుకోలేదు. అయితే మా అబ్బాయి తరగతిలో పత్తి పురుగు గురించి చెబితే వద్దనను. పిల్లవాడిని భయపెట్టేది కోతి బొమ్మ, పురుగు కాదు.

ఓరుగల్లు_వకీలు
@నయీంనగర్_నాన్న, పని సంగతికి వద్దాం. బడికి మర్యాదగా ఒక రాతపూర్వక వినతి ఇవ్వండి. రాజ్యాంగం 51ఎ అధికరణంలోని (హెచ్) అంశం ప్రకారం శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించుకోవడం పౌరుడి ప్రాథమిక విధి, అది 1976లో చేర్చిన 42వ సవరణలోది. దాని మీద దావా వేయలేరు కానీ వినతిలో రాస్తే బరువుగా ఉంటుంది. అతిథిని తిట్టవద్దు. తీసివేసిన భాగాన్ని పరీక్షతో నిమిత్తం లేకుండా రెండు పీరియడ్లు చెప్పించమని అడగండి. పుస్తకంలో లేనిది చెప్పకూడదన్న నియమం ఉంటే, ఆ ఉపన్యాసం కూడా జరిగి ఉండకూడదు కదా.

నయీంనగర్_నాన్న
వినతి ఇచ్చాను. ప్రిన్సిపాల్ చదివి, "పీరియడ్లు ఖాళీ లేవు, ప్రీ ఫైనల్ ఉంది, జనవరి తరువాత చూద్దాం" అన్నారు. అది కాదని చెప్పడమే అనుకుంటున్నాను. అయితే పరకాల అన్న పోస్టును మా అబ్బాయికి చదివి వినిపించాను. వాడు పత్తి కాయను లోపల ఎప్పుడూ చూడలేదట. మా నాన్న పుట్టింది ఆత్మకూరు దగ్గర పల్లె, నా కొడుక్కు పత్తి కాయ తెలియదు. మీ చేనుకు తీసుకురావచ్చునా?

పరకాల_పత్తి
ఆదివారం పొద్దున ఎనిమిదికి పరకాల బస్టాండుకు రండి, నేను బండి మీద వస్తాను. మందు కొట్టి పదిహేను రోజులు దాటింది, కనుక భయం లేదు. వరసకు కొన్ని చొప్పున ఇరవై కాయలు తెంపి కోసి చూద్దాము, రెండింటిలో పురుగు ఉంటే నష్టం మొదలైనట్లు లెక్క. నిరుడు తొమ్మిదింటిలో ఉంది. ఈసారి గట్టు వెంట రెండు వరసలు నాన్ బీటీ వేశాను, రెండు రకాల కాయలూ కోసి పక్కపక్కన పెట్టి చూపిస్తాను.

నర్సంపేట_బయాలజీ_టీచర్
నేను కూడా మా పిల్లలు ఆరుగురితో వస్తాను. ల్యాబులో భూతద్దాలు నాలుగే ఉన్నాయి.

కాజీపేట_జంక్షన్
నా దగ్గర ఒకటి ఉంది. మా అబ్బాయిని తీసుకుని వస్తాను, ప్రశ్నలు మాత్రం అడుగుతాను.

పరకాల_పత్తి
అడగండి. కత్తి ఎవరూ తేవద్దు, నా దగ్గర ఉంది. చెప్పులు కాదు, బూట్లు వేసుకుని రండి, చేలో తేమ ఉంది.